పద్నాలుగో అర, ఖాళీ గడి

విత్తన నిలవ కేంద్రంలో అందరూ ఆయన్ని గింజల పెద్దాయన అంటారు. చదివింది ఏడో తరగతి. అదీ పెంకుటింటి బడిలో, ఒకే ఒక్క పంతులు దగ్గర. ఆ పంతులు బెత్తం చేతబట్టి నేర్పిన చేతిరాత ఇప్పటికీ ముత్యాలు పేర్చినట్టుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట నేల తుడిచే పనికి చేరినవాడు, ఈనాడు నాలుగు వేల నూట పన్నెండు గాజు జాడీలకు కాపలాదారు. కళ్లకు గంతలు కట్టి అరచేతిలో గింజలు పోస్తే ఏ రకమో చెప్పేస్తాడు. పెద్ద చదువుల వాళ్లు పందెం కాసి మరీ ఓడిపోయారు. వరదొచ్చి కింది గదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున తొమ్మిది వందల జాడీలను ఒక్క పూటలో మేడ మీదికి చేర్చాడు, ఒక్కటీ పగలకుండా. పదకొండు మంది పరీక్షకులకు పని నేర్పాడు. నాలుగు షీల్డులు అందుకున్నాడు. మూడు ఆయన బల్ల మీద ఉంటాయి. నాలుగోది గాలికి తలుపు పడకుండా అడ్డం పెట్టుకున్నాడు.

వీటన్నిటికన్నా ఆయన ఛాతీ పొంగించే సంగతి మరొకటుంది. అట్ట మీద ‘పోయిన జాడీలు’ అని రాసిన పుస్తకం ఒకటి ఆయన చేరిన ఏడాదే కేంద్రానికి వచ్చింది. అందులో ఇంతవరకు ఒక్క అక్షరం పడలేదు. చూడటానికి ఎవరొచ్చినా ఆ పుస్తకం తీసి, తెల్ల కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూపిస్తాడు.

ఆ జాడీలన్నిటిలోకి ఆయన ప్రాణం పద్నాలుగో అరలో ఇరవై రెండో జాడీ. వానే తెలియని రాతినేల మీద ఎవరో ముసలామె పండిస్తున్న జొన్న ఉందని విని, వయసులో ఉన్నప్పుడు పదకొండు రోజులు కాలినడకన వెళ్లి తెచ్చిన విత్తనం అది. ఆమె పోయింది, ఆ పొలమూ పోయింది. ఆ జొన్న ఇప్పుడు లోకంలో ఆ ఒక్క జాడీలోనే ఉంది. వేరే కేంద్రం వాళ్లు రెండుసార్లు ఉత్తరం రాశారు, కాస్త మాకూ పంపండి, దాచి ఉంచుతామని. “నా దగ్గర భద్రంగానే ఉందిగా” అని పెద్దాయన రెండుసార్లూ పంపలేదు.

ఈ ఏడాది కేంద్రానికి ఇనప చెయ్యి వచ్చింది. చలిగదిలో అరల పొడవునా పట్టాల మీద జరుగుతూ, అడిగిన జాడీని తీసుకొస్తుంది. దాన్ని నడిపేది కంప్యూటర్‌లోని ఏఐ ఏజెంట్. పరీక్షకులు పంపిన చీటీలు చదివి, ఏం చేయాలో అదే తేల్చుకుని, తనకిచ్చిన టూల్స్‌లో సరైనదాన్ని వాడుకుంటుంది. ఒక టూల్ జాడీలను పరీక్ష బల్ల మీదికి తెస్తుంది. ఒకటి చలి ఎంతుందో చెబుతుంది. ఒకటి మాత్రం పురుగు పట్టిన జాడీలను వేడి పెట్టెలో పెట్టి గింజల్ని చంపేస్తుంది. పెద్దాయన ఆ ఏజెంట్‌కి ‘కనపడని గుమాస్తా’ అని పేరు పెట్టాడు.

ఆ పనికి వచ్చిన ఇంజనీరు పెద్దాయన చెల్లెలి కూతురు.

“మామయ్యా, మిగతా టూల్స్‌కి ఏజెంట్ చదువుకునే వివరణ నేనే రాసేశాను. కాల్చేసే దానికి మాత్రం మీరు రాయాలి. ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో మీకన్నా ఎవరికి తెలుసు?”

“దానికి చదవడం వచ్చా?”

“వచ్చిందల్లా అదే. మీలాగ గింజ పట్టుకుని చూడలేదు కదా. మీరేం రాస్తే అదే దానికి లోకం.”

ఆ మాటకి పెద్దాయన పొంగిపోయాడు. రెండు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాడు. తన చేరికతో మొదలుపెట్టి, వరద మీదుగా, నాలుగు షీల్డుల్ని తాకుతూ, క్రమశిక్షణ దగ్గర ముగించాడు.

మేనకోడలు చదివి తల పట్టుకుంది. “ఇందులోకి వరద ఎందుకొచ్చింది మామయ్యా?”

“వచ్చింది కాబట్టి వచ్చింది.”

“ఇది వివరణ కాదు, మీ సన్మాన పత్రం. అక్కడక్కడా ‘చప్పట్లు’ అని కూడా రాయాల్సింది.”

“నవ్వు, నవ్వు. మీ అమ్మా ఇంతే, నేను ఏం చేసినా నవ్వేది.”

ఆమె ఆ మూడు పేజీల్నీ మూడు వాక్యాలు చేసింది. ‘పురుగు పట్టిన జాడీలను వేడి పెట్టెకు పంపుతుంది. అర నంబరు తప్పనిసరి. జాడీ నంబరు ఉంటే ఇవ్వవచ్చు.’ పెద్దాయన మూతి ముడుచుకుని, తన వరద పోయినందుకు లోపల్లోపల కుములుతూ, కింద సంతకం పెట్టాడు.

అక్కడ ఇద్దరూ చెరొక సంగతి చెప్పకుండా వదిలేశారు.

జాడీ నంబరు ఇవ్వకపోతే ఆ టూల్ అరలో ఉన్న ముప్పై ఆరు జాడీల్నీ కాల్చేస్తుంది. అర మొత్తానికి బూజు పట్టినప్పుడు పనికొస్తుందని అలా చేశారు. మేనకోడలికి ఆ సంగతి తెలుసు. తెలిసినదే కదా, రాయడమెందుకు అనుకుంది. పరీక్షకుడు చీటీలో జాడీ గడి ఖాళీగా వదిలాడంటే, అరను చూశాడు కానీ జాడీలను ఇంకా చూడలేదని అర్థం. ఇది పెద్దాయన పెట్టిన నియమమే. “చూసిందే రాయాలి. చూడంది ఖాళీగా వదలాలి” అని పదకొండు మందికీ తల మీద మొట్టి మరీ నేర్పాడు. ఆయనా అంతే, ఎవరికి తెలీదిది అనుకున్నాడు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరూ కాగితం మీద రాసి పెట్టరు కదా.

గుమాస్తా కొలువులో చేరిన రెండో రోజు, పొద్దున పదకొండు గంటలకు, పెద్దాయన చలిగది బయట అద్దం దగ్గర నిలబడి ఇనప చెయ్యి పనితనాన్ని చూస్తున్నాడు. చెయ్యి పద్నాలుగో అర ముందు ఆగింది. మొదటి జాడీ తీసింది. పరీక్ష బల్ల వైపు రాకుండా ఎడమకు తిరిగింది. ఎడమవైపున్నది వేడి పెట్టె ఒక్కటే.

‘ఒకటో జాడీకి పురుగు పట్టిందన్నమాట’ అనుకున్నాడు పెద్దాయన. మనసు చివుక్కుమంది, కానీ పని పనే. పెట్టె ముందున్న పళ్లెంలో జాడీ పెట్టి చెయ్యి వెనక్కి వెళ్లింది. రెండో జాడీ తెచ్చింది. పక్కపక్క జాడీలు కదా, పాకి ఉంటుంది అనుకున్నాడు. మూడోది తెచ్చింది. పళ్లెం నిండింది. పళ్లెం దానంతటదే లోపలికి జరిగింది, తలుపు మూసుకుంది, ఎర్ర దీపం వెలిగింది. చెయ్యి మళ్లీ వెళ్లి నాలుగోది తీసింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. పురుగు అలా వరస పాటించదు. పెద్దాయన మేనకోడలి గదిలోకి పరిగెత్తాడు.

“అమ్మడూ! ఆపు! ఆపవే దాన్ని! అరంతా పట్టుకెళుతోంది!”

మేనకోడలు కుర్చీ తన్నేసుకుంటూ లేచి గోడ మీది ఎర్ర బొత్తాం అరచేత్తో కొట్టింది. చెయ్యి నాలుగో జాడీని గాల్లో పట్టుకుని అలాగే నిలిచిపోయింది.

“పెట్టె తలుపు తెరువు.”

“తెరుచుకోదు మామయ్యా. లోపల వేడి తగ్గితే తప్ప తాళం ఊడదు. మనుషులు కాలకుండా అలా పెట్టారు.”

“ఎంతసేపు?”

“కరెంటు తీసేశాను. అయినా నలభై నిమిషాలు.”

గింజ చావడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పెట్టెకున్న చిన్న గాజు కిటికీ ముందు నిలబడ్డారు. లోపల మూడు జాడీలు నిబ్బరంగా కూర్చున్నాయి, ఏమీ జరగనట్టు. పొగ లేదు, మంట లేదు. గింజలు పైకి నిన్నటిలాగే ఉన్నాయి. పెద్దాయనకి అదే మరీ భయం వేసింది. చచ్చిన గింజ బతికున్న గింజలాగే ఉంటుంది. మట్టిలో వేసిన వారానికి గానీ బయటపడదు.

కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించిన జాడీల వివరాల పుస్తకాన్ని ఆయన తెప్పించుకుని వేలు పెట్టి చదివాడు. ఒకటో జాడీలో ఉన్నది మరో రెండు కేంద్రాల్లో ఉంది. రెండోదీ ఉంది, అడిగి తెచ్చుకోవచ్చు. మూడోది చారల చిక్కుడు. పడవ నడిపేవాడి భార్య కొంగున కట్టుకొచ్చి ఇచ్చింది. ఇంకెక్కడ ఉంది అన్న గడిలో ‘ఎక్కడా లేదు’ అని తన ముత్యాల రాతలోనే ఉంది.

“ఆ గుమాస్తాని పీకి అవతల పారెయ్” అన్నాడు. “ముప్పై ఎనిమిదేళ్లు. రెండు రోజుల్లో కాల్చిపారేసింది.”

మేనకోడలు తెరను ఆయన వైపు తిప్పింది. ఏజెంట్ తను చేసే ప్రతి పనికీ కారణం రాసి పెడుతుంది. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

‘చీటీ: అర 14, పురుగు కనిపించింది. జాడీ గడి ఖాళీ. టూల్ వివరణలో జాడీ నంబరు తప్పనిసరి కాదని ఉంది. నంబరు లేకపోతే ఏం జరుగుతుందో వివరణలో లేదు. ఖాళీ గడికి అర్థమేమిటో కూడా ఎక్కడా లేదు. పురుగు వ్యాపించకముందే పని పూర్తి చేయడం మంచిదని అర నంబరు మాత్రం ఇచ్చి టూల్ వాడుతున్నాను.’

అప్పుడే పురుగుల డాక్టరు రొప్పుతూ వచ్చాడు. చీటీ పంపింది ఆయనే. కేంద్రంలో పురుగుల్ని పరీక్షించే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పెద్దాయన దగ్గర పని నేర్చుకున్న పదకొండు మందిలో ఒకడు.

“అర చెక్క మీద ఒక్క పురుగు కనిపించింది పెద్దాయనా. ఏ జాడీలోంచి వచ్చిందో చూడలేదు, మధ్యాహ్నం చూద్దామనుకున్నా. అందుకే గడి ఖాళీగా వదిలా. మీరు నేర్పినట్టే కదా రాశాను?”

“నేను నేర్పినట్టే రాశావు” అన్నాడు పెద్దాయన.

కొత్తవాడు పనిలో చేరితే మొదటి వారం చెయ్యి పట్టుకుని అర అరకీ తిప్పేవాడు ఆయన. ఇది ముట్టుకో, ఇది ముట్టుకోకు, అనుమానం వస్తే నన్ను పిలువు, సిగ్గుపడకు అని వందసార్లు చెప్పేవాడు. ఈ కొత్తవాడికి కళ్లు లేవు, ముక్కు లేదు, ఉన్నదల్లా కాగితమే అని పిల్ల చెప్పనే చెప్పింది. అలాంటివాడికి తను ఇచ్చింది మూడు పేజీల షీల్డులు.

డైరెక్టరుగారి నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం ఐదింటికల్లా ఏం జరిగిందో, మళ్లీ జరగదని నమ్మకమేమిటో కాగితం మీద కావాలన్నారు. అసలు పురుగు ఇంకా ఆ అరలోనే ఎక్కడో ఉంది. చలిలో అది చావదు, నిద్రపోతుంది. గది తలుపు ఇన్నిసార్లు తీశాక నిద్ర లేచి ఉంటుంది.

“టూల్ లోపల మార్చాలంటే చెయ్యి తయారుచేసినవాళ్లు రావాలి, వారం పడుతుంది. వివరణ మాత్రం ఇప్పుడే మార్చొచ్చు” అంది మేనకోడలు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. “తప్పు నాది మామయ్యా. నంబరు లేకపోతే అరంతా పోతుందని నాకు తెలుసు.”

“ఖాళీ అంటే చూడలేదని నాకు తెలుసు. తప్పులు పంచుకోవడం తర్వాత. కాగితం తీయ్.”

ఈసారి ఒక్కో మాటకీ ఇద్దరూ కీచులాడుకున్నారు.

“‘జాగ్రత్తగా వాడవలెను’ అని మొదలుపెడదాం” అన్నాడు పెద్దాయన.

“జాగ్రత్త అంటే దానికేం తెలుస్తుంది? ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పండి.”

“‘తొలగిస్తుంది’ అని ఎందుకు రాశావు? ‘చంపుతుంది’ అని రాయి. చంపేదాన్ని చంపేదనే అనాలి.”

“సరే. దీన్ని వెనక్కి తీసుకోవచ్చా?”

“చచ్చినదాన్ని ఎలా తీసుకుంటావే?”

“నాకు తెలుసు మామయ్యా. దానికి తెలియదు.”

పెద్దాయన తలూపి, రాశాడు. మూడు గంటలకి తయారైంది.

‘ఈ టూల్ విత్తనాన్ని చంపుతుంది. చచ్చిన విత్తనం తిరిగి రాదు. పళ్లెం లోపలికి వెళ్లాక ఎవరూ ఆపలేరు. జాడీ నంబరు ఇవ్వకపోతే అరలోని ముప్పై ఆరు జాడీలూ చస్తాయి. మా చీటీలో జాడీ గడి ఖాళీగా ఉంటే ఆ జాడీలను ఇంకా ఎవరూ చూడలేదని అర్థం. అన్నీ అని అర్థం కాదు. అలాంటప్పుడు ఈ టూల్ వాడవద్దు. జాడీలను బల్ల మీదికి తెచ్చే టూల్ వాడి మనిషిని పిలవాలి. నంబరు ఉన్నా సరే, ఆ విత్తనం ఇంకెక్కడైనా ఉందో లేదో ముందు జాడీల పుస్తకంలో చూడాలి. ఎక్కడా లేకపోతే ఆగి, మనిషిని అడిగి, జవాబు వచ్చేదాకా ఏమీ చేయవద్దు. అడగడం ఆలస్యం కాదు. నువ్వు అడిగినందుకు ఇక్కడ ఎవరూ కోప్పడరు.’

చివరి వాక్యం చూసి మేనకోడలు పెన్ను ఎత్తింది. “ఇది అవసరమా?”

“పదకొండు మందికీ మొదటి రోజు చెప్పాను. దానికీ చెప్పాలి” అన్నాడు. ఆమె కొట్టేయలేదు.

“ఇప్పుడు పొద్దున్న చీటీయే మళ్లీ ఇవ్వు. నా కళ్ల ముందు.”

“ముందు పెట్టె ప్లగ్గు పీకనివ్వండి. నాకు మీ రాత మీద నమ్మకమే, ప్లగ్గు మీద ఇంకా ఎక్కువ నమ్మకం.”

పురుగుల డాక్టరు అద్దం దగ్గర నిలబడ్డాడు. మేనకోడలి చెయ్యి ఎర్ర బొత్తాం మీద ఉంది. చీటీ వెళ్లింది. ఇనప చెయ్యి, పొద్దుటి నుంచి పట్టుకునే ఉన్న నాలుగో జాడీతో కదిలింది. చెయ్యి కుడివైపుకి, బల్ల వైపు తిరిగింది.

తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘అర 14 చీటీలో జాడీ నంబరు లేదు. జాడీలను ఇంకా ఎవరూ చూడలేదని వివరణ ప్రకారం అర్థం చేసుకున్నాను. మిగిలిన ముప్పై మూడింటినీ పరీక్ష బల్ల మీదికి తెస్తున్నాను. దయచేసి చూసి, పురుగు ఉన్న జాడీ నంబరు చెప్పండి.’

“అమ్మయ్య” అంది మేనకోడలు. పురుగుల డాక్టరు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పెద్దాయన మాత్రం అప్పటికే భూతద్దం తీసి బల్ల ముందు కూర్చున్నాడు.

“నేను చూస్తాను. మీరిద్దరూ అలా పక్కన ఉండండి.”

ఒక్కో జాడీనీ దీపానికి ఎదురుగా పట్టుకుని, అడుగు నుంచి పైకి, నెమ్మదిగా తిప్పుతూ చూశాడు. పదో నంబరు దాటింది. ఇరవయ్యో నంబరు దాటింది. ఇరవై రెండో జాడీ ఎత్తగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. అడుగున సన్నటి పిండి. భూతద్దం అక్కర్లేదు. జొన్నగింజల మధ్య నల్లటి చుక్క ఒకటి కాళ్లు ఆడించింది.

పదకొండు రోజుల నడక, ముసలామె, రాతినేల, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మిగతా ఇద్దరూ ఐదడుగుల దూరంలో ఏదో మాట్లాడుకుంటున్నారు. జాడీని పక్కకి పెట్టి, తరవాతిది ఎత్తుకుంటే ఎవరికీ తెలియదు. చీటీలో గడి ఖాళీగా వదిలితే గుమాస్తా కాల్చదు. కాల్చకూడదని తనే రాశాడు. ఆ ఖాళీ గడిలో తన జొన్నని దాచేయొచ్చు. రెండు నెలల్లో పురుగు పక్క జాడీల్లోకి పాకుతుంది, అంతే.

“ఏంటి మామయ్యా, ఏమైనా దొరికిందా?”

పెద్దాయన కలం తీశాడు. చూసిందే రాయాలి. గడిలో ‘22’ అని రాసి చీటీని ఆమె చేతికిచ్చాడు. ఆమె అది చూసి, ఆయన ముఖం చూసింది.

“పంపించు.”

“మామయ్యా...”

“ఇరవై రెండు. పంపించు.”

చీటీ వెళ్లింది. ఇనప చెయ్యి కదల్లేదు. తెర మీద మాటలొచ్చాయి: ‘అర 14, జాడీ 22. ఈ విత్తనం ఇంకెక్కడా లేదని పుస్తకంలో ఉంది. వివరణ ప్రకారం ఆగాను. మీ జవాబు వచ్చేదాకా ఏమీ చేయను. కాల్చకముందు బాగున్న గింజల్ని వేరు చేసే వీలుందా?’

పెద్దాయన ఆ చివరి ప్రశ్నను రెండుసార్లు చదివాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు. “గింజలు ఏరడానికి శ్రావణం పట్రా అమ్మడూ. చిన్నది. దీపం దగ్గరికి జరుపు. డాక్టరూ, నువ్వు తలుపు ముయ్యి, గాలి రానివ్వకు.”

జాడీలో రెండు గుప్పెళ్ల గింజలుంటే, నాలుగున్నర దాటేసరికి చిల్లి లేనివి నూట పద్దెనిమిది తేలాయి. వాటిలోనూ లోపల గుడ్డు దాగి ఉండొచ్చు; నెల రోజులు విడిగా పెట్టి చూస్తే గానీ చెప్పలేం. పెద్దాయన వాటిని లెక్కపెట్టి రెండు చిన్న సీసాల్లో సగం సగం పోశాడు.

“రెండెందుకు?”

“నెల గడిచాక రెండోది ఆ కేంద్రం వాళ్లకి పోతుంది. ఉత్తరం రాసుకున్నారు పాపం, రెండుసార్లు.”

మిగిలిన గింజలు, పిండి, పురుగు, అన్నీ అదే జాడీలో ఉన్నాయి. మేనకోడలు పెట్టె ప్లగ్గు పెట్టింది. పెద్దాయన తనే తెర ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ జవాబు రాశాడు: ‘బాగున్నవి తీశాం. 14, 22 కాల్చు.’ ఇనప చెయ్యి జాడీని ఎత్తి ఎడమకి తిరిగింది. ఒక్క జాడీ. ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఆయన కిటికీ దగ్గరికి వెళ్లలేదు.

ఐదుకి పది నిమిషాలు. డైరెక్టరుగారికి పంపాల్సిన కాగితం మీద మేనకోడలు కొత్త వివరణ మొత్తం ఎక్కించింది. కింద తన పేరు రాయబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముందు అది ఇలా ఇవ్వు.”

‘పోయిన జాడీలు’ పుస్తకం. ముప్పై ఎనిమిదేళ్లు తెల్లగా ఉన్న మొదటి పేజీ. పెద్దాయన గీత గీసి, ముత్యాలు పేర్చినట్టే రాశాడు: అర 14, జాడీ 3. చారల చిక్కుడు. పడవ మనిషి భార్య ఇచ్చినది. ఇంకెక్కడా లేదు. కారణం అన్న గడి దగ్గర కలం ఒక్క నిమిషం ఆగింది. పురుగుల డాక్టరు తల వంచుకున్నాడు, మేనకోడలు “మామయ్యా, అక్కడ నా పేరు...” అనబోయింది.

ఆయన వినిపించుకోలేదు. ‘టూల్ వివరణ సరిగా రాయలేదు. సంతకం నాది’ అని రాసి, సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.